పడనివి ఎన్ని?

ముప్పై ఏళ్లు నేను ఒకే ప్రశ్న మీద బతికాను. బాబాల ముందుకు పోయినా, జాతకాలు చెప్పేవాళ్లతో కూర్చున్నా, పసరు పోసేవాళ్లతో తగువు పెట్టుకున్నా అడిగేది అదొక్కటే: తగ్గినవాళ్ల సంగతి చెప్తున్నావు, సరే, తగ్గనివాళ్లు ఎంతమంది? దీనికి జవాబు చెప్పగలిగినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. అందుకే ఆ ప్రశ్నంటే నాకంత ఇష్టం. ఎదుటివాడు నీళ్లు నములుతుంటే లోపల ఒక తృప్తి కలిగేది. ఆ తృప్తినే నేను సైన్సు అనుకునేవాణ్ని.

ఆ ప్రశ్నను అన్నిటికంటే గట్టిగా అడిగింది మా అక్క వాళ్ల ఊర్లో.

ఆ ఊరు హాలియాకు దగ్గరే గాని కాల్వకు పైన. సాగర్ నీళ్లు ఎక్కలేని ఎత్తు. అక్క తోట గట్టు మీద నిలబడితే కింద వరి పొలాలు హాలియా దాకా పచ్చగా కనబడతాయి. ఇటు తిరిగితే ఎర్రనేల, రాయి, అక్కడక్కడ కంది, ఆముదం. ఆ రాళ్లలోనే అక్క బత్తాయి తోట పెట్టింది. బావకు ఎవుసం మీద ఎన్నడూ మనసు లేదు. హాలియాలో ఎరువుల దుకాణంలో కూర్చొని వరి రైతులతో ముచ్చట పెట్టడమే ఆయనకు హాయి. తోట అక్కది. గుంతలు దగ్గరుండి తవ్వించింది, అంట్లు తెచ్చి నాటింది, ఏ చెట్టుకు ఏ ఏడు తెగులొచ్చిందో ఇంట్లో మనుషుల జబ్బుల్లాగా గుర్తు పెట్టుకుంది.

మా దిక్కు బోరు వేయాల్సిన చోటును పాయింట్ అంటారు. పాయింట్ పెట్టే ఆయన అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టి చెలకంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. ఎందుకు లేస్తుందో నేను చెప్పగలను: మనసులో అనుకున్నదానికి వేళ్లు మనకు తెలియకుండానే కదులుతాయి. భౌతికశాస్త్రం పంతుల్ని, ఈ మాట బల్ల మీద నిలబడి కాయ పట్టుకుని మరీ చెప్పేవాణ్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం పొద్దున, ఆ ఊరి బడి ఆవరణలో సైన్సు ప్రచారం చేసే మా మిత్రులం సభ పెట్టాం. కాయ పట్టే ఆయనను పిలిచాం. మా అక్క వయసువాడు. భయపడకుండా వచ్చాడు. కళ్లు తెరిచి నడిచినప్పుడు కాయ మూడు చోట్ల లేచింది, సున్నంతో గుర్తులు పెట్టాం. తర్వాత కళ్లకు తువ్వాల కట్టి నడిపించాం. కాయ లేచింది గాని ఒక్కసారీ సున్నం మీద లేవలేదు. జనం ఈలలు వేశారు.

"సారూ, నేను చూపెట్టిన బోర్లు ఈ ఊర్ల పోస్తలేవా? వీళ్లనే అడుగు," అన్నాడాయన తువ్వాల విప్పుకుంటూ.

"పోస్తున్నయ్. పడ్డయి చెప్పినవ్. పడనివి ఎన్ని?"

ఆయన తువ్వాల మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. "లెక్క పెట్టలే సారూ," అన్నాడు మెల్లగా.

"లెక్కపెట్టనోడు చెప్పేది శాస్త్రం కాదు!" అని నేను జనం వైపు తిరిగి అరిచాను. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో అక్క కూడా కొట్టింది. వారం తిరగకముందే ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఇద్దరు ఆయనను బండి మీద ఎక్కించుకుని తమ చెలకలకు తీసుకుపోయారట. అక్క ఫోన్ చేసి పగలబడి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లోనే మా అల్లుడు, అంటే అక్క కొడుకు, ఇంజనీరింగు ముగించి మహబూబ్‌నగర్‌లో మా ఇంటికి దిగాడు. నేను అక్కడి హైస్కూల్లో పాఠాలు చెప్పేవాణ్ని.

"మామా, కంపెనీ పెడ్తున్న. కిరాయి లేని జాగా కావాలె," అన్నాడు.

"ఏం కంపెనీరా?"

"బస్సు ఏడున్నదో ఫోన్ల కనబడ్తది."

మా ముందర గది వాడి ఆఫీసు అయింది. మొదటి పని కొల్లాపూర్ బస్సుతో. డ్రైవర్ల దగ్గర ఒక్కో ఫోను పెట్టారు. చార్జింగు అయిపోతుందని డ్రైవర్లు దాన్ని బందు చేసి డబ్బాలో దాచేవాళ్లు. ఒకనాడు నేను కొల్లాపూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చొని, సగం దారి దాటాక, నా ఫోను చూసుకున్నాను. నేనెక్కిన బస్సు ఇంకా స్టాండు నుంచి కదలలేదని ఉంది. కండక్టరుకు చూపించాను. ఆయన ఫోను వైపు, నా వైపు చూసి, "అయితే మరి టికెట్ ఎందుకు తీసుకున్నవ్ సారూ, దిగు," అన్నాడు. బస్సంతా నవ్వింది.

రెండో కంపెనీ దవాఖాన నంబరు. డాక్టరు దగ్గర వంతును ఇంట్లోంచే ఫోనులో పట్టుకోవచ్చు. ఒక చిన్న ప్రైవేటు దవాఖాన సరేనంది. కాని మా దగ్గర వంతు అంటే చెప్పులు. పొద్దుగాల వచ్చి చెప్పులు వరుసలో విడిచి, బయట చాయ తాగుతూ ఉంటారు. ఎట్లా నడుస్తుందో చూద్దామని అల్లుడే మొదటి రోజు ఫోను పట్టుకుని లోపలికి పోబోయాడు. ఒక ముసలావిడ వాడి చొక్కా పట్టుకుంది.

"నీ చెప్పులేవి బిడ్డా?"

"నా వంతు ఫోన్ల ఉన్నదవ్వా."

"ఫోను కాళ్లకు తొడుక్కుంటవా?"

ఇంటికొచ్చి ఆ మాట వాడే చెప్పి వాడే నవ్వాడు. బాధపడటం వాడి ఒంట్లో లేదు. "ఫెయిల్ కాలే మామా, నేర్చుకున్న," అనేవాడు. మూడోది నిలబడింది. తోటలో కాయల ఫోటో తీసి పెడితే వ్యాపారులు ఫోనులోనే ధర చెప్పే పద్ధతి. మొదటి ఫోటో అక్క తోట బత్తాయిదే. పట్నంలోని పెద్ద కంపెనీ ఒకటి వాడి కంపెనీని కొనేసింది. అప్పటి నుంచి వాణ్ని కాలేజీలకు పిలిచి మాట్లాడించేవాళ్లు. "నేను రెండుసార్లు ఫెయిలైన," అని మొదలుపెట్టేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. వాళ్ల లోకంలో చెడిపోయిన పనులను కూడా పతకాల్లాగా మెడలో వేసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. నాకది నచ్చింది. దాచుకోకుండా పడనివాటిని కూడా లెక్క చెప్పే మనిషి మా ఇంట్లోనే పుట్టాడని మిత్రులతో గర్వంగా అన్నాను.

కంపెనీలు కాక వాడికి ఇంకొక్క పిచ్చి ఉండేది. బావుల్లో ఈత. క్రికెట్ చూడడు, సినిమాకు రాడు. ఆదివారం వస్తే చాలు, ఎక్కడెక్కడి మోటబావులనో వెతుక్కుంటూ పోయేవాడు. కొల్లాపూర్ వైపు సంస్థానం కాలం నాటి రాతిమెట్ల బావులు వాడికి ప్రాణం. నన్నూ లాక్కుపోయేవాడు. నేను గట్టు మీద కూర్చొని పేపరు చదువుకునేవాణ్ని. దూకే ముందు వాడు మెట్లు లెక్కపెట్టేవాడు. సంచిలో ఒక చిన్న నోటుబుక్కు. బావి ఏ ఊరిది, నీళ్లు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయి, మరుసటేడు వస్తే ఎన్ని మెట్లు దిగాయి, అన్నీ పెన్సిలుతో రాసేవాడు. ఎండిపోయిన బావికి కూడా ఒక పేజీ. అందులో "అడుగు కనబడ్డది" అని రాసి తారీఖు వేసేవాడు.

"దూకనిదానికి గూడ ఎందుకురా రాసుడు?" అని అడిగాను ఒకసారి.

తల తుడుచుకుంటూ, "ఎండింది రాసుకోకుంటే మల్లొకసారి తెల్వక దూకుత గద మామా," అన్నాడు.

ఆ పుస్తకంలో మొట్టమొదటి "అడుగు కనబడ్డది" అక్క తోటలోని బావిదే. వాడు ఈత నేర్చింది అందులోనే. నడుముకు మోకు కట్టి, ఆ చివర తన చేతికి చుట్టుకుని, అక్కే వాణ్ని లోపలికి తోసింది.

బావి పోయాక తోటను రెండు బోర్లు సాకాయి. కొన్నేళ్లకు అందులో ఒకటి గాలి పోయడం మొదలుపెట్టింది. రెండోది గంట పోసి రెండు గంటలు ఆగేది. అక్క పాదులు చిన్నవి చేసింది, సందుల్లో గడ్డి పరిచింది, చెట్లను రెండు జట్లుగా విడదీసి ఒకరోజు వీటికి, ఒకరోజు వాటికి నీళ్లు పెట్టింది. ఫోనులో ఏ ముచ్చట మొదలుపెట్టినా చివరకు అక్కడికే వచ్చేది. "ఇంకొక్క బోరు పడితే తోట బతుకుతది తమ్మి. పడకుంటే ఈ ఎండకాలం దాటదు."

అల్లుడి నాలుగో కంపెనీ అప్పటికే నడుస్తోంది. అది పాయింట్ పెట్టే కంపెనీ.

నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగగొట్టి, వైర్లు తగిలించి, ఒక పెట్టెలోంచి భూమిలోకి కరెంటు పంపుతారు. లోపలి రాయి కరెంటును ఎంత అడ్డుకుంటుందో పెట్టె కొలుస్తుంది. అంతవరకు నాకు బాగానే అర్థమైంది, నేను బడిలో చెప్పిన పాఠమే. ఆ కొలతను బట్టి అక్కడ నీళ్లున్నాయో లేదో తేల్చేది మాత్రం ఫోనులోని ప్రోగ్రాము. నీళ్లుంటే తెర మీద పచ్చ రంగు వస్తుంది.

"అదెట్ల తేలుస్తదిరా?"

"పాత బోర్లను చూసి నేర్చుకుంటది మామా. నీళ్లు పడ్డ జాగ ఎట్లుంటదో ఒక్కొక్కటి చూపెట్టుకుంట పోతే దానికే ఎరుకైతది."

నేను అప్పుడే రిటైరయ్యాను. ఇంతకాలం కొబ్బరికాయ తప్పని చెప్పానే గాని దాని బదులు రైతు చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు దొరికింది. పైగా మా ఇంటి ముందర గదిలో పుట్టింది. పిలవకున్నా బయలుదేరాను. పాలమూరు ఊర్లు, నల్లగొండ ఊర్లు, అల్లుడి జీపులో ఏడాదంతా తిరిగాను. రచ్చ దగ్గర జనాన్ని పోగేసి కాయను ఎండగట్టేవాణ్ని, ఆ వెంటనే పెట్టెను చూపించేవాణ్ని. సభ అయ్యాక రైతులు మమ్మల్ని తమ చెలకలకు తీసుకుపోయేవాళ్లు. మోటరు వేసి, పైపులోంచి దూకే నీళ్లను చేత్తో కొట్టి చూపించేవాళ్లు. అల్లుడు కడ్డీలు దిగగొట్టి, "ఎన్ని ఇంచులు?" అని ధార ఎంత మందమో అడిగి, ఫోనులో నమోదు చేసుకునేవాడు. ఎండకు అలసిపోయి నేను దగ్గర్లో ఏదో ఒక బండ మీద కూర్చొని మజ్జిగ తాగేవాణ్ని. ప్రతి చెలకలోనూ కూర్చోవడానికి అట్లాంటి బండ ఒకటి దొరికేది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నేను అడగలేదు.

పెట్టె మాట విని బోరు వేసి నీళ్లు పడ్డవాళ్లు నాకు ఫోన్లు చేసేవాళ్లు. "సారూ, రెండించులు!" అని అరిచేవాళ్లు. ఆ ఫోన్లను లెక్కపెట్టుకుని మురిసిపోయేవాణ్ని.

నిరుడు కాక మొన్నటి ఎండకాలం అక్క తోటకు బోరు బండిని మాట్లాడారు. పెట్టె పచ్చ రంగు చూపిన చోట ముగ్గుపిండితో గుర్తు పెట్టి ఉంది. ఒకరోజు ముందే నేను బస్సు దిగి తోటకు పోయాను. గుర్తు దగ్గర గుంజ పాతుతూ ఒకాయన కనబడ్డాడు. ఒంటి మీద అల్లుడి కంపెనీ టీషర్టు. దగ్గరికి పోతే కాయ పట్టే ఆయన!

"ఇదేందన్నా, ఈ అంగీ?" అన్నాను.

"నీ అల్లుడే ఇచ్చిండు సారూ. గుండీలు లేవు, గాలి మంచిగ ఆడుతది."

"నువ్వు ఈ కంపెనీల ఏం జేస్తవ్?"

"ఊర్లు తిప్పుత. బోర్లేడున్నయో నాకే గదా ఎరుక. మీ పెట్టె చూసిన బోర్లల్ల సగానికి సగం నేను కాయ పట్టి పెట్టినయే." గుంజను ఊపి చూసి, గట్టిగా ఉందనుకున్నాక నా వైపు తిరిగాడు. "ఒక్క తీర్గ జెప్పాలంటే నీ అల్లుని మిషిన్ నా శిష్యుడు సారూ."

నేను నవ్వి ఊరుకోబోయాను. ఆయన ఊరుకోలేదు.

"ఆనాడు బడి కాడ నన్నొక మాట అడిగినవ్. యాదికున్నదా? పడ్డయి జెప్పినవ్, పడనివి ఎన్ని అని. నాకు నెల దినాలు నిద్ర పట్టలే ఆ మాటకు. మరి గీ మిషిన్ను అడిగినవా?"

"దానికి అన్నీ చూపెట్టినం గదా."

"ఏడ చూపెట్టిన్రు? నేను ఎంబడే ఉన్న గదా. రైతు ఏది చూపెడ్తడు? పోసేది చూపెడ్తడు. దుమ్ము లేసిన బోరు మీద బండ ఏస్తడు, దాని ముచ్చట మల్ల ఎత్తడు. ఇంట్ల పెండ్లాంతోని గూడ ఎత్తడు." గుంజ పక్కన మట్టి తొక్కుతూ, "నువ్వు కూసొని మజ్జిగ తాగిన బండలన్ని గవ్వే సారూ," అన్నాడు.

ఆయన గొంతులో గెలిచిన ఉత్సాహం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, తగువు పెట్టుకునేవాణ్ని. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఏడాదంతా నేను కూర్చున్న బండలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ముప్పై ఏళ్లు నేను వెతికిన జవాబు మీద కూర్చొని కాళ్లూపుకుంటూ మజ్జిగ తాగాను. పడ్డ జాగలనే చూసిన పెట్టెకు పడని జాగ ఎట్లుంటుందో ఎట్లా తెలుస్తుంది? దాని కంటికి ప్రతి చోటూ ఎంతో కొంత పచ్చగానే కనబడుతుంది. నాకు ఫోను చేసినవాళ్లు పడ్డవాళ్లు. పడనివాళ్లు ఎందుకు చేస్తారు?

అల్లుడు మధ్యాహ్నానికి హైదరాబాద్ నుంచి వచ్చాడు. జీపు దిగనీయకుండానే అడిగాను.

"తెలుసు మామా," అన్నాడు. "మొదట్ల నేను గూడ అడిగిన. ఒక్కలు చూపెట్టలే. ఒకాయనైతే కొట్టొచ్చిండు. ఎవ్వలు చూపెట్టంది నేను ఏడికెంచి తేవాలె? వచ్చే వర్షన్ల ఏదన్న చేద్దామనుకున్న."

"నీ నోటుబుక్కుల ఎండిన బాయిలు రాస్తవ్ గదరా? రాసుకోకుంటే తెల్వక దూకుత అన్నది నువ్వే గదా?"

వాడు జీపు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "అది నేను దూకే బాయి మామా," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అదేమిటో వాడికి తెలిసినట్టుంది, ముఖం అటు తిప్పుకున్నాడు. రెండుసార్లు ఫెయిలయ్యానని కాలేజీ పిల్లల ముందు చెప్పుకునే మనిషి, రైతు ఎందుకు చెప్పుకోడో ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. కంపెనీ పోతే వాడు నేర్చుకున్నానని అనగలడు. బోరు పోయిన రైతు ఏం నేర్చుకున్నానని అంటాడు?

నల్లగొండలో భూగర్భ జలాల సంగతి తెలిసిన ఆఫీసరు ఒకాయన నాకు పాత పరిచయం. ఆయనకు ఫోన్ చేసి తోట ఎక్కడుందో, పాత బోర్లు ఎంత లోతో అన్నీ చెప్పాను. "మాస్టారూ, ఆ ఎత్తున కింద అంతా రాయి. ఉన్న కాసిని నీళ్లు ఎప్పుడో తోడేశారు. నన్నడిగితే ఎక్కడా వేయకపోవడమే మంచిది," అన్నాడు. ఇంత నిజాయితీగా మాట్లాడిన మనిషి ఆ ఏడాదిలో నాకు ఆయనొక్కడే దొరికాడు.

అక్క చెట్ల కింద ఎండుటాకులు ఊడుస్తోంది. ఆ నీడలో కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. బండల సంగతి, పెట్టె సంగతి, ఆఫీసరు మాట. అక్క ఒళ్లో పడ్డ ఎండుటాకులు ఏరుతూ వింది. అంతా అయ్యాక అడిగింది.

"కాయ తప్పంటివి. ఊరంత విన్నది. ఇప్పుడు మిషిన్ గూడ తప్పంటున్నవ్. సరే, రెండు తప్పే. మరి ఏడ ఏద్దాం తమ్మి?"

ఈ ప్రశ్న నన్ను ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేను దాన్ని పక్కదారి అని కొట్టిపారేసేవాణ్ని.

"తెల్వదక్కా. వెయ్యకపోవుడే..."

"వెయ్యకుంటే చెట్లు ఏం తాగుతయ్?"

"ఈ చెట్లను వదిలి, వానకు పండేదేదన్న..."

"వదిలి?" అంది అక్క. నన్ను గాక నా వెనకున్న చెట్టును చూస్తూ అంది. "ముప్పై ఏండ్ల సంది మాట్లాడుతున్నవ్ తమ్మి నువ్వు. మంచిగనే మాట్లాడుతవ్. నేను గూడ చప్పట్లు కొట్టిన."

కోపంగా అనలేదు. నాకు కోపమే నయమనిపించింది. చీపురు తీసుకుని లేచాక చెప్పింది. "రేపు బండి వస్తది. నా కొడుకు పెట్టిన పాయింట్ మీదనే ఏస్త. ఏదో ఒక జాగ ఉండాలె గదా చెయ్యి పెట్టి చూపెట్టెతందుకు."

నేను ఆపగలిగినవాణ్ని కాదు. ఆపి ఆమెకు ఏమివ్వను? లేదని చెప్పడం తప్ప ఇంకేమీ నేర్వని మనిషిని. ఆ లేదు అన్న మాట నిజమే కావచ్చు. చెట్టుకు పోస్తే తాగదు.

పొద్దున్నే బోరు బండి వచ్చింది. ఊరి నుంచి పదిమంది దాకా వచ్చి గట్టు మీద నిలబడ్డారు. కాయ పట్టే ఆయన కూడా వచ్చాడు, టీషర్టు లేకుండా తెల్లంగీతో. బండి మొదలుకాగానే మాటలు వినబడవు. మొదట ఎర్ర దుమ్ము, తర్వాత తెల్లది, ఆ తర్వాత బూడిద రంగు. ఒక్కో రాడ్డు దిగడం పూర్తయినప్పుడల్లా డ్రైవరు అక్క వైపు చూసేవాడు. అక్క వేలు ఎత్తేది. ఇంకో రాడ్డు.

ఒక దగ్గర దుమ్ము రంగు మారింది. అల్లుడు పరుగెత్తి చెయ్యి చాపాడు, అరచేతిలో ముద్దలాగా అంటుకుంది. "తడి! తడి మామా!" అని అరిచాడు. గట్టు మీదివాళ్లంతా దగ్గరికొచ్చారు. నేనూ చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆఫీసరు మాట తప్పు కావాలని, నా వాదమంతా తప్పు కావాలని, కాయ పట్టే ఆయన ముందు ఊరంతా నన్ను చూసి నవ్వాలని, ఆ క్షణంలో నేను కోరుకున్నాను. ఎవరిని వేడుకున్నానో నాకు తెలియదు. తర్వాతి రాడ్డుకు మళ్లీ పొడి దుమ్మే వచ్చింది.

డ్రైవరు ఇంకో మూడుసార్లు అక్క వైపు చూశాడు. మూడుసార్లూ అక్క వేలు ఎత్తింది. నాలుగోసారి ఎత్తలేదు. కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ చెట్ల వైపు నడిచింది. బండి ఆగింది. అప్పుడు అందరి చెవుల్లో హోరు.

అల్లుడు ఫోను తీశాడు. ఇప్పుడెందుకురా అనబోయాను.

"పడంది గూడ రాయాలె గద మామా. మా అమ్మదే మొదలు," అన్నాడు.

తెర మీద "ఎన్ని ఇంచులు?" అని అడుగుతోంది. కింద ఒకటి, ఒకటిన్నర, రెండు, అంతకు మించి. వాడు కిందికి జరిపాడు, పైకి జరిపాడు. ఏదీ నొక్కకుండా పంపాలని చూశాడు. ఎర్ర అక్షరాల్లో "ఇంచులు ఎంచుకోండి" అని వచ్చింది. మళ్లీ చూశాడు, మళ్లీ అదే. దాన్ని తయారుచేసినవాడు వాడే. పడలేదు అని చెప్పడానికి అందులో చోటు పెట్టడం మరిచిపోయాడు. ఫోను జేబులో పెట్టుకుని, జీపులోంచి ఈత నోటుబుక్కు తెచ్చి, బండి టైరుకు ఆనుకుని పెన్సిలుతో రాశాడు. "అమ్మ తోట. దుమ్ము." తారీఖు వేశాడు.

"బండ తేండ్రి," అంది అక్క దూరం నుంచే.

పాత బావి గట్టు మీద ఒకటి పడి ఉంది. ముగ్గురం దొర్లించుకొచ్చాం: కాయ పట్టే ఆయన, పెట్టె చేసినవాడు, రెండూ తప్పని చెప్పిన నేను. "జర పైలం సారూ, వేళ్లు," అన్నాడాయన. బండను రంధ్రం మీదికి సర్దాం.

తోట ఆ ఎండకాలం దాటలేదు. ముందు కొసలు ఎండాయి, తర్వాత కొమ్మలు. కొన్ని చెట్లు పోయేముందు విపరీతంగా పూశాయి, అది చూడటమే కష్టంగా ఉండింది. వానలు పడకముందే రంపం వచ్చింది. పాయింట్ కంపెనీని అల్లుడు మూసేశాడు. ఇప్పుడు ఐదోది నడుస్తోంది, అదేమిటో నేను అడగలేదు. కాలేజీల్లో ఇప్పటికీ రెండుసార్లు ఫెయిలయ్యాననే చెప్తాడట. నాలుగోదాని ముచ్చట ఎత్తడు. నేను వాణ్ని ఏమీ అనను. మొన్నటి సభలో ఎవరో స్వామి భక్తుణ్ని నేను మళ్లీ ఆ ప్రశ్న అడగబోయి, ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు చూసి, మంచినీళ్లు అడిగాను.

పోయిన నెల అక్క దగ్గరికి పోయాను. తోట జాగాలో కంది వేసింది. మోకాలెత్తు వచ్చింది. మధ్యాహ్నం సద్దిమూట తీసుకుని ఆ బండ మీద కూర్చొని విప్పింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. రొట్టె సగం చేసి నా చేతికిచ్చింది. నేను నిలబడే తింటున్నాను.

అక్క కొంచెం పక్కకు జరిగి బండ మీద చేత్తో దులిపింది.

"కూసో తమ్మి, ఏంగాదు," అంది. "కింద ఏం లేదు."